పెదవి చివర ఆలస్యం

ఆదివారం మధ్యాహ్నం మా బావని ఆసుపత్రికి రమ్మన్నానని, నేను తాళం తీసి లైట్లు వేసేసరికి ఆయన కంటే ముందు మా అక్క గదిలోకి నడిచిందని చెప్పి పోయిన వారం ఆపాను. అక్కణ్ణుంచే అందుకుంటాను. కాకపోతే మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

మా బావ కలప డిపోలో వేలం నడిపే మనిషి. దుంగ జాతి, కొలత, ధర ఊపిరి తీసుకోకుండా ఒకే దండగా గుచ్చి చెప్తాడు కాబట్టి డిపో మొత్తం ఆయన్ని ‘గడగడ’ అంటారు. నెల కిందట ఒక సాయంత్రం డిపో వెనక గోదాము తగలబడింది. లోపల ఒక హమాలీ ఉండగానే షట్టరుకి బయటినుంచి తాళం పడింది. మనిషి బతికాడు గానీ ఒళ్ళు కాలి మంచం మీద ఉన్నాడు. తాళం ఎవరు వేశారో అతను చూడలేదు. తాళాలు ఉండేది వాచ్‌మన్ దగ్గర కాబట్టి వాచ్‌మన్‌ని జైల్లో పెట్టారు. చివరిసారిగా షట్టరు దగ్గర కనిపించింది మాత్రం మా బావ. ఆ సాయంత్రం నుంచే ఆయనకి మాట తడబడుతోంది. పోనీ రాసివ్వమంటే ‘గుర్తు లేదు’ అని రాసిస్తున్నాడు.

నాదేమో మాటలు సరిచేసే ఉద్యోగం. నత్తి ఉన్నవాళ్ళ పెదవులు, దవడ, నాలుక ఎలా కదులుతున్నాయో మిషను పెట్టి చూడటం నా పని. సోమవారం విచారణ అధికారి ఎదుట మా పెద్ద డాక్టరు బావని పరీక్షించబోతున్నారు. నా బంధువని ముందే చెప్పాను. ‘మిషను నువ్వు నడుపు, సంతకం నేను పెడతాను’ అన్నారు. తడబాటు నటన అని తేలితే బావ నోరు విప్పక తప్పదు, వాచ్‌మన్‌కి బయటపడే దారి దొరుకుతుంది. నిజమని తేలితే బావని ఇక ఎవరూ కదిలించరు, వాచ్‌మన్ లోపలే మగ్గుతాడు.

నటనేనని మొదట అన్నది మా అక్కే. పరాయివాళ్ళ ముందు పరువు పోకముందే ఒకసారి నువ్వు చూసిపెట్టు అని, వారం రోజులుగా నా ప్రాణం తోడేసి, ఈ ఆదివారం పరీక్ష పెట్టించింది కూడా ఆమే.

మా గది రెండు ముక్కలుగా ఉంటుంది. ఇవతల కుర్చీ, మిషను. అవతల అద్దం వెనక చిన్న గది. అక్కడ కూర్చున్నవాళ్ళకి మైకు పెడితే మా మాటలు వినిపిస్తాయి, వాళ్ళ మాటలు మాత్రం మాకు వినపడవు. అక్కని అక్కడ కూర్చోబెట్టాను. వెళ్తూ వెళ్తూ నా చెవిలో, ఆయన నిద్రలో బ్రహ్మాండంగా మాట్లాడుతున్నాడనీ, కరెంటు బిల్లు తెచ్చినవాడితో గేటు దగ్గర అరగంట కబుర్లు చెప్పాడనీ ఊదింది. నా అనుమానానికి అప్పటికే చిగుళ్ళు ఉన్నాయి. ఆ మాటతో ఆకులు కూడా వేసింది.

బావ కుర్చీలో కూర్చుని, నేను అడగకముందే ఉంగరం, వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. ఈ మిషను దగ్గర లోహం ఉండకూడదు. ఆ సంగతి ఆయనకెలా తెలుసు? ఎవరినో అడిగి సిద్ధమై వచ్చాడా? స్కానింగు గదుల్లో ఎవరికైనా చెప్పే మాటే కదా అని తర్వాత తోచింది గానీ, అప్పటికే ఆయన ఏం చేసినా నాకు దొంగవేషాల్లాగే కనిపిస్తున్నాయి.

నువ్వుగింజకి కాస్త పెద్దవిగా ఉండే తీగల బిళ్ళలు ఆయన పై పెదవికి ఒకటి, కింది పెదవికి ఒకటి, నోటి రెండు చివర్లకి చెరొకటి, గడ్డానికి ఒకటి అతికించాను. నాలుకని గుడ్డతో పట్టుకుని తడి తుడిచి దాని మీద కూడా పెట్టాను. ఆ జిగురు చేదుగా ఉంటుంది. పిల్లలైతే ఏడుస్తారు, పెద్దవాళ్ళు నన్ను తిట్టుకుంటారు. బావ కిక్కురుమనలేదు. ఇక ఆయన నోరు ఎటు కదిలితే తెర మీద గీతలు అటు కదులుతాయి.

చదవడానికి మేమిచ్చే పేరా ఒకటి ఉంది. ఒక మామయ్య పడవ మీద బుట్టలు పెట్టుకుని బయల్దేరతాడు. ఎందుకో, ఎక్కడికో రాసినవాడికే తెలియాలి. పెదవులు కలిసే అక్షరాలన్నీ పడాలని కుక్కిన కథ అది. బావ మొదలుపెట్టాడు. మామయ్యలో ఒకసారి, పడవలో ఒకసారి, బుట్టల్లో రెండుసార్లు విరిగాడు. చివరికి ‘మీద’ అనే చిన్న మాట దగ్గర కూడా ఆగాడు.

చిన్నప్పటినుంచి నత్తి ఉన్నవాళ్ళలో చాలామందికి, మాట బయటికి రాకముందే పెదవి బిగుసుకుని సన్నగా వణుకుతుంది. ఆ వణుకు చెవికి అందదు, గీతలో కనిపిస్తుంది. నటించేవాడు శబ్దాన్ని నటిస్తాడు గానీ అంతకుముందు ఉండే ఆ మౌనం సంగతి వాడికి తెలియదు. బావ గీతల్లో వణుకు లేదు. ‘మ... మ... మ’ అన్న ప్రతిసారీ పెదవులు శుభ్రంగా కలిసి శుభ్రంగా విడిపోయాయి.

అదే పేరా మళ్ళీ చదవమన్నాను. ఇంకోసారి. మరోసారి. నిజమైన నత్తి చదివిన కొద్దీ సడలుతుంది, నోటికి దారి అలవాటవుతుంది. బావది ఇసుమంత తగ్గలేదు.

ఇక నా దగ్గర ఉన్న గట్టి పరీక్ష గొంతు కలపడం. నేనూ రోగీ కలిసి ఒకే పేరా ఒకే వేగంతో చదువుతాం. ఎంత గట్టి నత్తి అయినా పక్క గొంతు తోడైతే మంత్రం వేసినట్టు జారిపోతుంది. పాతికేళ్ళుగా సొంత పేరు చెప్పుకోలేనివాళ్ళు నాతో కలిసి గలగలా చదివి, ఆ తర్వాత బల్ల మీద తల పెట్టుకుని ఏడవడం చూశాను. ఈ సంగతి నటించేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి నత్తి కొడుతూనే ఉంటాడు, అక్కడే దొరికిపోతాడు. మేమిద్దరం కలిసి మామయ్యని పడవ ఎక్కించాం. నేను అవతలి ఒడ్డుకి చేరాను. బావ ఇవతలే ‘ప... ప...’ అంటూ ఉండిపోయాడు.

అద్దం వెనక మా అక్క తల పంకించింది.

ఆఖరికి వేలం పాట అడిగాను. నిద్రలో లేపినా చెప్పగలిగిన పాట. ఆయన పంచె సర్దుకుని కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని చెయ్యెత్తాడు. ఆ చెయ్యెత్తడం చూసి నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

“ఒ... ఒకటో... టో... సారి. రె...”

చెయ్యి దించేశాడు.

ఇంక నాకు సందేహం లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టుంటుంది నా తత్వం. అందులోనూ ఈ కుందేలుకి నాలుగు పరీక్షలు సాక్ష్యం. కోపం కూడా వచ్చింది. వాచ్‌మన్ నాకు తెలుసు. డిపోకి వెళ్తే నా స్కూటరు నీడలో పెట్టించి, తిరిగొచ్చేవరకు దాని మీద చెయ్యి వేసి నిలబడే మనిషి. వాడు ఊచలు లెక్కపెడుతుంటే ఈయన నా కుర్చీలో కూర్చుని మామయ్యని పడవ దింపడం లేదు.

“బావా, ఇక చాలు. ఇది నత్తి కాదు. నత్తి ఎలా ఉంటుందో నువ్వు అనుకున్నది,” అన్నాను. “అవతల ఒకడు చేయని నేరానికి లోపల ఉన్నాడు. ఇంత బాగా ఆడేవాడివి, వేలం ఎందుకు, నాటక కంపెనీ పెట్టాల్సింది.”

ఆయన నా వైపు చూశాడు. దబాయిస్తాడనుకున్నాను, బతిమాలుతాడనుకున్నాను. రెండూ చేయలేదు. నవ్వాడు. మా పెళ్ళిళ్ళలో, చావుల్లో కూడా చూసిన నవ్వే, కాస్త వాడిపోయి ఉంది. మిషను ఇంకా ఆపలేదు కాబట్టి, అలవాటుకొద్దీ నా కళ్ళు తెర మీదికి వెళ్ళాయి.

నోటి ఎడమ చివర గీత పైకి లేచింది. కుడి చివర గీత కొంచెం ఆగి లేచింది.

కంటికి కనిపించేంత తేడా కాదు. బిళ్ళ జారిందేమో అనుకున్నాను. ఇలాంటప్పుడు మేం చేసే పని ఒకటుంది. రెండు చివరల బిళ్ళలూ ఊడదీసి, అటుది ఇటు, ఇటుది అటు అతికించాను. బిళ్ళ తప్పయితే ఆలస్యం బిళ్ళతోపాటు ఎడమ వైపుకి పోవాలి. మళ్ళీ నవ్వమన్నాను. నవ్వడానికి ఏముందన్నట్టు చూశాడు గానీ నవ్వాడు. ఆలస్యం కుడి చివరే ఉండిపోయింది.

వెనక్కి వెళ్ళి ఇందాకటినుంచి పడ్డ గీతలన్నీ తెర మీద మళ్ళీ నడిపించాను. మామయ్యలో ఉంది. పడవలో ఉంది. తడబడిన చోటా ఉంది, తడబడని చోటా ఉంది. మధ్యలో మంచినీళ్ళు తాగిన చోట కూడా ఉంది. మాటని నటించగలిగినవాడు ఉంటాడేమో. నీళ్ళు తాగుతున్నప్పుడు ఒక్క కుడి పెదవి చివరని వెంట్రుకవాసి వెనక ఉంచగలిగిన నటుడు ఇంకా పుట్టలేదు.

నాలుక చాపమన్నాను. చాపాడు. అది సూటిగా రాలేదు, కొద్దిగా కుడి వైపుకి ఒరిగింది.

మా గదికి వచ్చేవాళ్ళంతా చిన్నప్పటినుంచి నత్తి ఉన్నవాళ్ళు. నా పరీక్షలన్నీ వాళ్ళ కొలతకి కుట్టినవి. తలకి దెబ్బ తగిలి మెదడు కందిన మనిషికి వచ్చే తడబాటు వేరు. వాళ్ళు మా దగ్గరికి రారు, కింది అంతస్తులో నరాల డాక్టర్ల దగ్గర ఉంటారు. ఆ తడబాటులో పెదవి వణకకపోవచ్చు. ఎన్నిసార్లు చదివినా తగ్గకపోవచ్చు, పక్క గొంతు తోడైనా జారిపోకపోవచ్చు, కంఠతా వచ్చిన పాట కూడా మధ్యలో విరగొచ్చు. నటన అని తేల్చడానికి నేను పట్టుకున్న నాలుగు గుర్తులూ అచ్చంగా ఈ జబ్బు గుర్తులే. చదువుకున్నప్పుడు రాశాను ఇదంతా, మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఏమీ అడగకుండా వెళ్ళి ఆయన జుట్టులో వేళ్ళు పెట్టాను. కుడి వైపు నోటిని నడిపించేది ఎడమ వైపు మెదడు. ఎడమ చెవి పైన వెతికాను. దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒత్తు జుట్టు కింద బొటనవేలంత పొడుగున మచ్చ, కుట్లు లేకుండా తనంతట తానే మానిన వంకర మచ్చ. వేలు తగలగానే ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“ఎవరు కొట్టారు బావా?”

ఆయన గబగబా తల అడ్డంగా ఊపాడు. గుర్తు లేదని చేత్తో గాల్లో రాసి చూపించాడు.

ఇంతసేపూ మైకు ఆన్‌లోనే ఉంది. మచ్చ చూపిద్దామని అద్దం వైపు తిరిగాను. మా అక్క కుర్చీలో లేదు. గది మూల నిలబడి ఫోనులో మాట్లాడుతోంది.

నోరు చూసి మాట పట్టడం జనం అనుకునేంత తేలిక కాదు. సగం అక్షరాలు లోపల పుట్టి లోపలే పోతాయి. కానీ మా అక్క నోరు నేను పుట్టినప్పటినుంచి చూస్తున్న నోరు. రెండు పెదవులూ గట్టిగా కలిశాయి, ఒక క్షణం అలాగే ఉన్నాయి, విడిపోయి ముందుకి చుట్టుకున్నాయి. చిన్నప్పుడు సందు చివర నిలబడి అన్నానికి పిలిచేటప్పుడు ఆ నోరు సరిగ్గా అలాగే కదిలేది. ‘తమ్ముడూ’ అంటోంది.

మా ముగ్గురిలో ఆఖరివాడు మా తమ్ముడు. డిపో గోడకి ఆనుకుని కోతమిల్లు నడుపుతాడు. పెట్టుబడి పెట్టి వాణ్ణి అక్కడ నిలబెట్టింది బావే. ఆదివారం మధ్యాహ్నం అక్క వాడితో మాట్లాడకూడదని ఏమీ లేదు. అయితే నేను చూస్తున్నానని గమనించగానే ఆమె అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఏళ్ళ తరబడి ఒకే మంచం మీద పడుకుని పెరిగినవాళ్ళం. నా ముందు ఆమె నోరు దాచుకోవడం అదే మొదటిసారి.

ఇవతలికి వచ్చేసరికి మొహం సర్దుకుంది. ఇంతకీ ఏం తేలింది, నటనే కదా అంది. ఫోను ఎవరికని అడిగితే పక్కింటావిడకి, గ్యాసు కట్టేశానో లేదో చూడమన్నాను అంది. నిద్రలో మాట్లాడటం, కరెంటు బిల్లువాడు, అన్నీ ఒక్కసారిగా నాకు వేరే రంగులో కనిపించాయి. నెలరోజులుగా నేను అనుమానించాల్సిన మనిషిని పక్కన పెట్టుకుని, ఆమె వేలు చూపించిన మనిషిని అనుమానిస్తూ వచ్చాను.

“అక్కా, పక్కింటావిణ్ణి తమ్ముడూ అని పిలుస్తున్నావా ఈమధ్య?” అన్నాను.

ఆమె అబద్ధం ఆడటంలో అంత గట్టిది కాదు. నా చెయ్యి పట్టుకుని తలుపు వైపు లాగింది. నేను కదల్లేదు. ఆయన తలకి దెబ్బ తగిలిన సంగతి నీకు ముందే తెలుసా అని అడిగాను. ఆ సాయంత్రం తలగడ గలీబు మీద రక్తం చూశాననీ, దర్వాజా తగిలిందని ఆయన సైగ చేశాడనీ చెప్పింది. నమ్మావా అన్నాను. మర్నాటి వరకు నమ్మిందట.

“మర్నాడు వాడే వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడే. గోదాముకి నిప్పు పెట్టి తాళం వేస్తుంటే బావ చూశాడట. లోపల మనిషి ఉన్నాడని వాడికి తెలియదట, ఒట్టు వేశాడు. బావ కేకలు పెడితే చేతిలో ఉన్న కర్రతో...” అక్కడ ఆగింది. గొంతు తగ్గించింది. “రేపు నటన అని చెప్పు. నీకు దణ్ణం పెడతాను. నిజం అన్నావంటే ఎందుకొచ్చింది, ఎప్పుడు తగిలింది, ఎవరు కొట్టారు అని తవ్వుతారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.”

“నటన అంటే బావని అబద్ధాలకోరు అంటారు. కేసు ఆయన మీదికి వస్తుంది.”

“గుర్తు లేదంటున్నారుగా. ఏమీ గుర్తు లేని మనిషిని ఏం చేస్తారు? కొన్నాళ్ళు తిప్పుతారు, వదిలేస్తారు. వాడు చిన్నవాడే, తట్టుకోలేడు.”

మొగుడి పరువు ఒక పక్క, తమ్ముడి ప్రాణం ఒక పక్క వేసి తూచి, తూకం చూసుకున్నాకే ఆమె నా దగ్గరికి వచ్చింది. నేనైతే తన మాట వింటానని. అందులో నాకు ఎక్కువ బాధ దేనికి కలిగిందో చెప్పమంటే, ఆ నమ్మకానికే కలిగింది. ఇంకో పావుగంట ముందు అడిగి ఉంటే నటన అని నా అంతట నేనే రాసిచ్చేదాన్ని.

మాట్లాడుకుంటున్నది ఎక్కడో మేమిద్దరం మర్చిపోయాం. బావ కుర్చీలోనే ఉన్నాడు, నోటి నుంచి తీగలు వేలాడుతూ. తెర మీద గీతలు మళ్ళీ కదలడం కనిపించి అటు తిరిగాను. ఆయన నా వైపు చూడటం లేదు. అక్క వైపు చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. దాచిపెట్టిన వస్తువు ఎదుటివాళ్ళ చేతిలో కనిపిస్తే మనిషి ఎలా చూస్తాడో అలా చూస్తున్నాడు. పెదవులు కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి. ఆ మాట బయటికి తేవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. మేమెవరం అందివ్వలేదు.

“నీ... నీ... నీకూ... తె... తెలుసా?”

అక్క గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. నెలరోజులుగా ఒకే కప్పు కింద, ఈమెకి తెలియకుండా దాస్తే చాలని ఆయన, ఆయన మర్చిపోతే చాలని ఈమె.

ఆయన తడబాటు నిజం. మతిమరుపు అబద్ధం. రేపు పెద్ద డాక్టరు నన్ను అడగబోయేది మొదటిదాని గురించి మాత్రమే. రెండోదాని వెనక ఉన్న నిజం ఈ గదిలో ఉన్న మా ముగ్గురికి తెలుసు, ఫోను అవతల ఉన్న మా తమ్ముడికి తెలుసు. దానికి జైల్లో కూర్చున్నవాడు మాత్రం మా ఇంటివాడు కాదు.